బావకీ కంప్యూటర్‌కీ మధ్య టోకెన్

మా ఇంట్లో కంప్యూటర్ ముందుగదిలో ఉంటుంది. పొరపాటు అక్కడే మొదలైంది. ఖరగ్‌పూర్‌లో మా మలంచా రోడ్డు మీద నడిచిపోయే తెలిసినవాళ్ళకి కిటికీలోంచి అది కనిపిస్తుంది. కనిపిస్తే లోపలికి వస్తారు. వస్తే మా ఆవిడ టీ పెడుతుంది. టీ చల్లారేలోపు వాళ్ళకి ఏదో ఒక పని గుర్తొస్తుంది. ఒకరికి టికెట్ దొరుకుతుందో లేదో చూడాలి. ఒకరికి మనవరాలి పరీక్ష ఫలితం కావాలి. ఒకాయనకి ఊరికే, వైజాగ్‌లో వాన పడుతోందో లేదో తెలియాలి. వీళ్ళందరూ అడిగి కూర్చునేవాళ్ళే. అడిగినవాళ్ళని నేను ఎప్పుడూ కాదనలేదు. అడక్కుండా కూర్చునేది ఒక్కడే. మా బావ.

బావ అంటే మా అక్క మొగుడు. రెండు సందుల అవతల ఉంటారు వాళ్ళు. ఆయనా నాలాగే రైల్వేలో రిటైరయ్యాడు. ఆయన డ్రైవరు, మొదట గూడ్సులు, తరవాత పాసింజర్లు నడిపాడు. నేను స్టేషన్ మాస్టర్ని. ఉద్యోగమంతా ఒంటి లైను మీద చిన్న చిన్న స్టేషన్లలోనే గడిచింది. డ్రైవర్లకీ స్టేషన్ మాస్టర్లకీ మధ్య ఒక పాత పేచీ ఉంది. బండి మేం నడుపుతున్నామని వాళ్ళంటారు, మేం వదిలితేనే మీరు నడిపేదని మేమంటాం. దానికి బావా బావమరుదుల వేళాకోళం కూడా తోడైతే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పెళ్ళిలో మొదలైన మాటల యుద్ధం ఇంకా సంధి దాకా రాలేదు.

ఇక నా సంగతి. చదువుకునే రోజుల నుంచి నాకు డైరీ రాసే అలవాటు. రోజుకో పేజీ. ఏం తిన్నాం, ఏ బండి ఆలస్యం, ఎవరొచ్చారు, ఏమన్నారు. గొప్ప సంగతులు ఏమీ లేవు. రిటైరయ్యాక ఒకరోజు ట్రంకుపెట్టె మూత తీసి చూస్తే చెదలు. ఖరగ్‌పూర్ ఎర్రనేలలో చెదలకి కొదవ లేదు. పై అట్టలు శుభ్రంగానే ఉన్నాయి, లోపల మాత్రం సొరంగాలు తవ్వేశాయి. కొన్ని పేజీలు ఒకసారి తిప్పితే రెండోసారి తిప్పడానికి మిగలడం లేదు, చేతిలోనే పొడి అయిపోతున్నాయి.

కంప్యూటర్ కొన్నది అందుకే. ఉన్నంతవరకు చదువుతాను, చెదలు తిన్నచోట గుర్తున్నంతవరకు పూరిస్తాను, తెలుగులో టైపు చేస్తాను. టైపు అయిపోయిన పేజీల పొడిని మా ఆవిడ చీపురుతో ఊడ్చి పారేస్తుంది. కాబట్టి నా జీవితంలో చాలా ఏళ్ళు ఇప్పుడు ఆ యంత్రంలో తప్ప ఇంకెక్కడా లేవు. నెలాఖరుకి పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసేవాణ్ణి. నెలాఖరుకి లెక్కలు కట్టడం స్టేషన్లో అలవాటు కదా, అదే ఇక్కడా పెట్టుకున్నాను. నెల మధ్యలో ఏమైనా జరిగితే ఏమిటన్న ఆలోచన నాకు రాలేదు. బావ వచ్చాడు.

బావకి కళ్ళు మందగించాయి. ఫోన్లో పేక ముక్కలు కనిపించవు, కంప్యూటర్లో పెద్దవిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం నేను ఓ కునుకు తీసి లేచేసరికి నా కుర్చీలో కూర్చుని పేకాడుతూ ఉండేవాడు. ఆడుకోవడం తప్పు కాదు. కానీ తెర మీద ఏ డబ్బా వచ్చి ఏమడిగినా దానికి ముందు ఏది చేతికి తగిలితే అది నొక్కేవాడు. అలా ఒకరోజు, నేను తెరిచి ఉంచిన ఫైలుని సేవ్ చెయ్యమంటావా వద్దా అని అది మర్యాదగా అడిగితే, వద్దన్నాడు. ఆ వారమంతా కూర్చుని టైపు చేసిన ఒక వానాకాలం పోయింది. ఆ వానలు పడినప్పుడు నా వయసు పాతిక దాటలేదు. కాలవ పొంగి లైను కొట్టుకుపోయిన సంవత్సరం.

"ఏటి సేసినావు బావా!" అన్నాను.

"నానేటి సేసినాను? అదే అడిగింది, నాను సెప్పినాను."

"ఏదడిగితే దానికి జవాబిచ్చేస్తావేటి?"

"మీ అక్కతో కాపరం సేసి నేర్సుకున్నాను. అడిగిందానికి బేగి జవాబు సెప్పీడమే. ఆలోసిస్తేనే గొడవ."

బావని రావద్దనడం మా ఇంటావంటా లేదు. ఆడపడుచు భర్తకి ఇంట్లో అడ్డు చెప్పకూడదు. చెప్తే అక్క ఊరుకోదు, మా ఆవిడ అంతకంటే ఊరుకోదు. అందుకని పాస్‌వర్డ్ పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం లేచేసరికి బావ మళ్ళీ పేకాడుతున్నాడు. పాస్‌వర్డ్ మార్చాను. మళ్ళీ అదే. ఇంకోటి పెట్టాను. అదీ తెలిసిపోయింది. ఎలాగో నాకు అంతుపట్టలేదు. చివరికి మా ఆవిడని అడిగాను.

"అన్నయ్యగారు అడిగారు, చెప్పాను," అంది.

"నీకెలా తెలుసు?"

"నాకే ఏమిటి, గేటు దగ్గర చేపలమ్మే అతనికి కూడా తెలుసు. మీరే కదా రోజూ పొద్దున్నే కేకలు పెట్టి కొడతారు."

అప్పుడు తెలిసింది. పక్క స్టేషన్‌కి బండి వదిలేటప్పుడు మాస్టర్లు ఇద్దరూ ఫోన్లో ఒక రహస్య సంఖ్య చెప్పుకోవాలి. దాన్ని ప్రైవేట్ నంబరు అంటారు. పేరుకి రహస్యమే గానీ, ఆ ఫోన్ల గరగరలో అది వినపడాలంటే గొంతు చించుకోవాల్సిందే. ఒక్కొక్క అంకె అరిచి చెప్పాలి, అవతలివాడు తిరిగి అరవాలి. ఉద్యోగమంతా అలా చేశాక, అంకె చేత్తో నొక్కి నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు. నేను పాస్‌వర్డ్ కొడుతుంటే వాళ్ళ పెరట్లో బట్టలారేస్తున్న పక్కింటి దీదీకి కూడా వినిపించేదట.

ఒళ్ళు మండింది. ఆ మంటలోనే కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. పెదవులు బిగించి, నోట్లో వక్కపలుకు వేసుకుని, చప్పుడు లేకుండా కొట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో 'బావకుకాదు' అని.

ఈసారి మా ఆవిడకి తెలియలేదు. బావ వచ్చాడు, ప్రయత్నించాడు, టీ తాగకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ పైరోజూ రాలేదు. అక్క ఫోన్ చేసింది.

"ఒరే, మీ బావ కూర్సోడానికి నీ ఇంట్లో కుర్సీ కరువైపోనాదేట్రా?"

"అది కాదక్కా, నా రాతలు పోతున్నాయి."

"నీ రాతలు సెదలు తింటే లేదు గానీ మీ బావ ముట్టుకుంటే పోతాయేటి?"

ఫోను పెట్టేశాను. రాతలు పోకూడదు, బావ రావడం మానకూడదు. రెండూ ఒకే పట్టాల మీద ఎదురెదురుగా వస్తున్నాయి. ఆ మాట అనుకున్నాక ఉపాయం దానంతటదే తట్టింది. ఒంటి లైను మీద రెండు బళ్ళు ఎదురెదురుగా రాకుండా మేం చేసే పని ఒకటుంది కదా.

ఈ కాలంవాళ్ళకి తెలియకపోవచ్చు. ఆ రోజుల్లో ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి బండి పోవాలంటే డ్రైవరు చేతిలో టోకెన్ ఉండాలి. ఒక ఇనపగుండు, అది పెట్టుకునే తోలుసంచి, సంచికి పెద్ద బెత్తపు చక్రం. గుండు ఆ రెండు స్టేషన్ల టోకెన్ మిషన్లకీ కలిపి ఒక్కటే బయటికి వస్తుంది. అది చేతికి అందితేనే బండి కదలాలి. ఆగని బళ్ళకైతే మేం ప్లాట్‌ఫారం అంచున నిలబడి చక్రం ఎత్తి పట్టుకుంటే, ఇంజన్లోంచి చెయ్యి చాపి భుజానికి తగిలించుకుపోయేవాళ్ళు. సిగ్నల్ పచ్చగా ఉన్నా, ఎదర మైళ్ళకొద్దీ ఖాళీగా కనిపిస్తున్నా, టోకెన్ లేకుండా ఇంజన్ చక్రం ఒక్క చుట్టు తిరిగిందంటే ఆ డ్రైవరు మళ్ళీ డ్రైవరు కాడు.

గోల్‌బజార్‌లో బుట్టలల్లేవాళ్ళ దగ్గర బెత్తపు చక్రం కట్టించాను. చెప్పులు కుట్టే అతని దగ్గర చిన్న తోలుసంచి కుట్టించాను. గుండుకి బదులు చెక్కబంతి. బావని టీకి పిలిచి, చక్రం చూపించాను.

"ఇది చేతిలో ఉంటే కుర్చీ నీది. పాస్‌వర్డ్ నేను కొట్టి, నా ఫైలు మూసి, దారి ఖాళీ చేసి ఇస్తాను. ఇది లేకపోతే కుర్చీ ముట్టుకోకూడదు."

బావ చాలాసేపు నవ్వాడు. చక్రం భుజానికి తగిలించుకుని, ముందుగదిలో కిటికీ నుంచి తలుపు దాకా ఇంజన్‌లా నడిచి చూపించాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. వేళాకోళం చేశాడు గానీ, ఆ రోజు నుంచి టోకెన్ లేకుండా ఆయన ఆ కుర్చీలో కూర్చోలేదు. నేను నిద్రలో ఉంటే పక్కన స్టూలు మీద కూర్చుని లేచేదాకా ఎదురుచూసేవాడు. ఆట అయ్యాక చక్రం తెచ్చి నా చేతికే ఇచ్చేవాడు, బల్ల మీద పెట్టేవాడు కాదు. పాస్‌వర్డుల వల్ల కానిది ఒక చెక్కబంతి వల్ల అయింది. నాకు కాస్త గర్వంగానే ఉండేది.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు పొద్దుట్నుంచీ కూర్చుని, పెట్టెలో అన్నిటికంటే పాడైపోయిన డైరీ టైపు చేస్తున్నాను. పేజీ తిప్పితే ముక్కలు, ముక్క పట్టుకుంటే పొడి. మధ్యాహ్నానికి ఒక కట్ట పూర్తయింది, పొడి చీపురుకి పోయింది. ఇంతలో మా ఆవిడ, సాయంత్రానికి చేప లేదు, ఎండ తగ్గింది వెళ్ళిరండి అంది. సంచి పట్టుకుని బయల్దేరాను. ఎండ తగ్గడం కాదు, మబ్బు కమ్మింది. నేను గోల్‌బజార్‌లో చేప కోయిస్తుండగా కాల్‌బైశాఖి, అదే ఈ బెంగాల్ ఎండాకాలపు గాలివాన, లేచింది. మొదట దుమ్ము, తరవాత గాలి, రేకులు లేచిపోతాయా అన్నట్టు చప్పుడు. బజారంతా కరెంటు పోయింది.

కరెంటు పోగానే గుర్తొచ్చింది. ఫైలు సేవ్ చెయ్యలేదు.

ఇంటికి ఫోన్ చేశాను. "ఇక్కడా కరెంటు పోయిందండీ," అంది మా ఆవిడ. "కింద ఆ నల్ల డబ్బా కూస్తోంది." యూపీఎస్ అది. పాత బ్యాటరీ. కూత మొదలెడితే ఎంతోసేపు నిలవదు.

"బావ ఉన్నాడా?"

"ఉన్నారు. స్టూలు మీద కూర్చుని మీకోసమే చూస్తున్నారు."

"ఫోను బావకియ్యి, బేగి!"

"ఏటి బామ్మర్దీ?"

"బావా, కుర్చీలో కూర్చో. నేను చెప్పినట్టు నొక్కు. పొద్దుట్నుంచి చేసింది పోతాది. కాయితాలు కూడా లేవు, ఊడ్చీసినాం."

"టోకెనేదీ?"

"బీరువాలో ఉంది. తాళం నా జేబులో ఉంది."

"మరెలగ కూర్సుంటాను?"

"నేనే కదా బావా చెప్తున్నాను!"

"నోటిమాట మీద బండి తోలీమంటావేటి? రేపు ఏదైనా అయితే, నాను సెప్పలేదంటావు. మీ మాస్టర్ల సంగతి నాకు తెలీదేటి?"

ఫోన్లోంచి యూపీఎస్ కూత వినిపిస్తూనే ఉంది. వేళాకోళం ఆడుతున్నాడేమో అనుకున్నాను. కాదు. గొంతులో నవ్వు లేదు. పిడుగులు పడుతున్నా, మాస్టరు వచ్చి బతిమాలినా, టోకెన్ లేనిదే చెయ్యి ఇంజన్ రెగ్యులేటర్ మీదకి పోని మనిషి ఆయన. నేనే అలాంటి మనిషిని నా ముందుగదిలో కూర్చోబెట్టుకున్నాను.

"టోకెన్ మిషన్ చెడిపోతే ఏటిస్తారు? సెప్పు," అన్నాడు.

"కాయితం మీద లైన్ క్లియర్ రాసిస్తాం."

"మరియ్యి. నంబరు సెప్పు, రాసుకుంటాను. సెల్లెమ్మా, ఒక కాయితం, పెన్నూ!"

నోటికొచ్చిన నంబరు అరిచాను. ఆయన తిరిగి అరిచాడు. నేను సరే అన్నాను. "ఎక్కుతున్నాను," అన్నాడు. కుర్చీ కిర్రుమంది. "తెరకి తలుపేసుంది. తాళమేటి?"

రేకుల కింద వాన తప్పించుకోడానికి చేరిన జనం నా చుట్టూ ఉన్నారు. ఆ చప్పుడులో మెల్లగా చెప్తే వినపడదు. ఇంకో దారి లేదు.

"బీ!" అని అరిచాను.

"బీ."

"ఏ! వీ! ఏ!"

ఆయన ఒక్కొక్కటీ వెతుక్కుంటున్నాడు. చేపలతను కత్తిపీట మీద చెయ్యి ఆపి, "కీ హొలో కాకూ?" అని ఏమైందో అడిగాడు. నేను చెయ్యి ఊపి, "కే! యూ!" అన్నాను. "కే! ఏ! డీ! యూ!" అన్నాను.

పక్కన వాన తప్పించుకుంటున్నవాళ్ళలో బట్టల కొట్టాయన ఒకడున్నాడు. శ్రీకాకుళం వైపువాళ్ళు. ఆయన వేళ్ళ మీద అక్షరాలు కూడుకుని, "బావకు కాదా! ఓలమ్మో!" అని పెద్దగా నవ్వాడు. ఫోన్లో మాత్రం యూపీఎస్ కూత ఒక్కటే.

"బావా?"

"తెరుసుకుంది," అన్నాడు బావ. గొంతులో ఏమీ తెలియలేదు. "తర్వాతేటి?"

"కింద ఎడం మూల కంట్రోల్ అని ఉంటాది. అది నొక్కిపెట్టి ఎస్ నొక్కు."

"ఎస్ నొక్కినాను. ఏటీ అవలేదు."

"కంట్రోల్ ఒగ్గీసుంటావు."

"ఉద్యోగమంతా ఆ కంట్రోల్ ఆఫీసోళ్ళ సేత తిట్లు తిన్నాను. ఇక్కడా కంట్రోలేనా?"

"రెండూ కలిపి నొక్కు బావా!"

ఆకాశం పగిలినట్టు ఉరిమింది. ఫోను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

బ్యాటరీతో నడిచే టోటో బండి దొరికేసరికి నిలువెల్లా తడిసిపోయాను. దారంతా రెండు భయాలు. పేజీలు పోయాయేమో. బావ పోయాడేమో, అంటే అలిగి ఇంటికి. ఆ రోజు పేజీలు పోతే మళ్ళీ రాయలేను. బావ పోతే అక్క ఇక ఈ జన్మలో మా గడప తొక్కదు.

బావ స్టూలు మీదే ఉన్నాడు. ముందుగదంతా మసకచీకటి. తెర నల్లగా ఉంది.

"అయిందా?" అన్నాను.

"రెండూ కలిపి నొక్కినాను. నొక్కగానే సీకటైపోనాది. అందిందో లేదో నాకు తెలవదు. సెక్షన్ ఖాళీ సేసి దిగిపోయినాను." నేను రాయించిన కాయితం మడిచి నా చేతికిచ్చాడు.

మా ఆవిడ కొవ్వొత్తి పెట్టి, టీ ఇచ్చింది. బావ టీ తాగాడు. తాగుతున్నాడు కదా అని కాస్త ధైర్యం వచ్చింది. గొడుగు ఊపుకుంటూ మొగుణ్ణి వెతుక్కుంటూ అక్క కూడా వచ్చింది.

"బామ్మర్దీ," అన్నాడు బావ.

"ఊఁ."

"బావకి కాదు. బాగుంది. మరి ఎవరికి ఔను?"

"కోపంలో పెట్టినాను బావా."

"మీ తమ్ముడు, నా పేరు మీద ఏకంగా తాళమే సేయించినాడే," అన్నాడు అక్కతో. అక్కకి అర్థం కాలేదు. మా ఆవిడ చెప్పింది. ఇద్దరూ నవ్వడం మొదలెట్టారు. వాళ్ళు నవ్వుతుంటే బావ మూతి కూడా కదిలింది. నేను తువ్వాలుతో తల తుడుచుకుంటూ ఎటో చూశాను.

కరెంటు వచ్చింది. నలుగురం తెర ముందు చేరాం. అది తీరిగ్గా తెరుచుకుంది. ఫైలు నొక్కాను. పేజీలు వచ్చాయి. ఒకటి, దాని కింద ఇంకోటి, పొద్దుట్నుంచి కొట్టినవన్నీ. చిట్టచివర, నేను ఆపిన వాక్యం పక్కన, 'స్‌స్‌స్‌స్‌స్' అని ఒక బారు. కంట్రోల్ లేకుండా బావ నొక్కిన ఎస్‌లు. అంత అందమైన అచ్చుతప్పు నేను జీవితంలో చూడలేదు.

మర్నాడే రెండు పనులు చేశాను. నకలు తీయడం నెలాఖరు నుంచి రోజూకి మార్చాను. బావకి పేకాటకి వేరే ఖాతా తెరిచి, నా ఫైళ్ళ జోలికి దారి లేకుండా కట్టాను. ఇంత చిన్న పని ముందే ఎందుకు చెయ్యలేదని అడిగితే, నాకు తెలిసిన విద్య ఒంటి లైనుది మాత్రమే.

కరెంటు వచ్చిన ఆ సాయంత్రం మాత్రం, నేను ఆ బారు చెరపబోతుంటే బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తెర దగ్గరికి వంగి, కళ్ళు చికిలించి చదువుతున్నాడు.

"ఇది తప్పు రాసినావు."

"ఏది?"

"ఇదే. ఎదురుబండి కోసం నా గూడ్సుని నీ స్టేషన్లో మధ్యాహ్నమంతా నిలబెట్టీసిన రోజు. ఇద్దరం పప్పూ వంకాయకూరా తిన్నామని రాసినావు. కాదు. సేపల పులుసు. మీ అక్క కట్టిచ్చింది."

నిజానికి ఆ వాక్యం సరిగ్గా చెదలు తిన్నచోట ఉంది. 'మధ్యాహ్నం ఇద్దరం' దాకా కనిపించింది, 'తిన్నాం' కనిపించింది. మధ్యలో ఉన్నది నేనే పూరించాను.

"వంకాయకూరే," అన్నాను. "నా డబ్బాలోది."

"సేపల పులుసే. ముల్లు గుచ్చుకుంది కూడాను."

"కాదు బావా..."

"ఇద్దరూ నోరు ముయ్యండి," అంది అక్క. "ఆవేళ ఈన డబ్బా ఇంట్లోనే ఒగ్గేసి ఎల్లిపోనాడు. సాయంత్రం దాకా నాను ఏడ్సుకుంటూ కూర్సున్నాను, ఏటి తిన్నాడో అని. నీ డబ్బా ఏమో ఆవేళ కుక్క లాగేసిందని నువ్వే వొచ్చి సెప్పినావు. ఇద్దరూ మరమరాలు తిన్నారు. మరమరాలు, పచ్చిమిరపకాయలు."

బావ నా వైపు చూశాడు. నేను బావ వైపు చూశాను. కుక్క సంగతి ఎక్కడో లీలగా కదిలింది.

"ఔను సుమా," అన్నాడు బావ, స్టూలు నా కుర్చీ పక్కకి లాక్కుంటూ. "రాయి. మరమరాలని రాయి."

వంకాయకూర చెరిపి, మరమరాలని కొట్టాను.

"మిరపకాయ కారంగా ఉందని కూడా రాయి."

"నాకు గుర్తు లేదు."

"నాకు గుర్తుంది. కళ్ళంట నీళ్ళొచ్చినాయి. రాయి."

రాశాను.